ఇంట్లోనే క్లచ్ సర్దుబాటు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

మోటార్‌సైకిల్ క్లచ్ గురించి పాఠకులు అడిగిన ప్రశ్నల్లో ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నవాటిని ఈసారి ఒకచోట చేర్చాం. వేరుగా చెప్పిన చోట తప్ప, ఈ జవాబులన్నీ కేబుల్‌తో పనిచేస్తూ, ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లో తడుస్తూ ఉండే మామూలు క్లచ్‌కు వర్తిస్తాయి.

ప్రశ్న: కొంతకాలంగా నా బండి క్లచ్ లివర్ వదులుగా ఉంటోంది. సగానికి పైగా లాగితే గాని క్లచ్ పనిచేయడం లేదు. దీన్ని నేనే సరిచేసుకోవాలనుకుంటున్నాను. లివర్ ఎంత వదులుగా ఉండాలి? పని ఏ వైపు నుంచి మొదలుపెట్టాలి?

జవాబు: లివర్‌ను ఒక్క వేలితో మెల్లగా లాగి చూడండి. మొదట కొంత దూరం అది బరువు లేకుండా కదులుతుంది, ఆ తరువాత లోపలి స్ప్రింగుల బిగువు వేలికి తగులుతుంది. బరువు లేని ఆ మొదటి కదలికనే ప్లే అంటారు. చాలా బండ్లకు ఇది లివర్ చివర కొలిస్తే 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండాలని తయారీదారులు చెబుతారు. కొందరు తయారీదారులు దీన్ని లివర్ చివర కాకుండా, లివర్ బిగించి ఉన్న బోల్టు దగ్గర, లివర్‌కూ దాన్ని పట్టుకున్న హోల్డర్‌కూ మధ్య ఏర్పడే సందులో కొలవమంటారు. అక్కడ అదే ప్లే 2 లేదా 3 మిల్లీమీటర్లే కనిపిస్తుంది. ఈ రెండు కొలతలను కలగాపులగం చేసి, లివర్ చివర 2 మిల్లీమీటర్లు మాత్రమే ఉంచేవారు చాలామంది ఉన్నారు. అలా చేస్తే క్లచ్‌కు దాదాపు ప్లే లేనట్టే. కాబట్టి స్పానర్ పట్టుకునే ముందు, మీ బండితో ఇచ్చిన పుస్తకంలో ఎక్కడ కొలవమన్నారో, ఎంత ఉండాలన్నారో చూసుకోండి.

ఇంజన్ పూర్తిగా చల్లారిన తరువాత, తాళం తీసేసి, బండిని సమతలమైన చోట సెంటర్ స్టాండ్ వేసి నిలబెట్టండి. కేబుల్‌కు సాధారణంగా రెండు అడ్జస్టర్లు ఉంటాయి. లివర్ దగ్గర, రబ్బరు తొడుగు కింద ఉండేది చేతితో తిప్పుకునే చిన్నది. ఇంజన్ దగ్గరో, కేబుల్ మధ్యలోనో ఉండే పెద్దదానికి, దాన్ని కదలకుండా పట్టి ఉంచే లాక్‌నట్ ఉంటుంది, దానికి రెండు స్పానర్లు కావాలి. చిన్నచిన్న తేడాలను లివర్ దగ్గరే సరిచేసుకోవచ్చు: లాక్ రింగ్‌ను వదులు చేసి, అడ్జస్టర్‌ను బయటికి తిప్పితే ప్లే తగ్గుతుంది, లోపలికి తిప్పితే పెరుగుతుంది. అయితే ఆ అడ్జస్టర్ మరలు ఇప్పటికే చాలావరకు బయటికి వచ్చి ఉంటే ఇంకా తిప్పకండి. కొన్ని మరల మీదే నిలిచిన అడ్జస్టర్ వంగిపోతుంది, విరిగిపోతుంది కూడా. అప్పుడు దాన్ని దాదాపు పూర్తిగా లోపలికి తిప్పేసి, ఇంజన్ వైపు ఉన్న పెద్ద అడ్జస్టర్‌తో ప్లేను దగ్గరికి తెచ్చి, చివరి మెరుగులు మళ్లీ లివర్ దగ్గర దిద్దుకోవాలి. లాక్‌నట్ బిగించేటప్పుడు అడ్జస్టర్ దానితో పాటు తిరగకుండా రెండో స్పానర్‌తో పట్టుకోండి. బిగించిన తరువాత మరోసారి కొలవండి, ఎందుకంటే లాక్‌నట్ బిగింపుతోనే ప్లే కొంచెం మారుతుంది.

మరో రెండు చిన్న విషయాలు కూడా చూసుకోవాలి. కేబుల్‌ను ఎక్కించడానికి అడ్జస్టర్‌కు, దాని రింగ్‌కు, హోల్డర్‌కు ఒక చీలిక ఉంటుంది. పని ముగిశాక ఆ చీలికలన్నీ ఒకే వరుసలో ఉండకూడదు. ఉంటే అటుగా నీళ్లు దిగుతాయి, కేబుల్ జారి బయటికి రావడానికీ వీలుంటుంది. ఆ తరువాత హ్యాండిల్‌ను ఎడమకు పూర్తిగా, కుడికి పూర్తిగా తిప్పి రెండు వైపులా ప్లే కొలవండి. అది మారితే లోపం అడ్జస్టర్‌లో లేదు, కేబుల్ వెళ్లే దారిలో ఉంది: ఎక్కడో అది బిగుసుకునో, నొక్కుకునో ఉంటుంది.

ప్రశ్న: లివర్ ఎంత బిగువుగా ఉంటే గేర్లు అంత బాగా పడతాయనుకుని ప్లే పూర్తిగా తీసేసి కొన్ని నెలలు నడిపాను. ఇప్పుడు ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ రేజ్ అవుతోంది గాని బండి లాగడం లేదు. ప్లే మళ్లీ సరిగ్గా ఇచ్చినా మార్పు లేదు. ప్లేట్లు పోయినట్టేనా?

జవాబు: పోయి ఉండే అవకాశం ఎక్కువ. అయినా వరుసగా కొన్ని పరీక్షలు చేశాకే ఆ నిర్ణయానికి రండి.

క్లచ్‌లో ఇంజన్ వైపు తిరిగే ఫ్రిక్షన్ ప్లేట్లు, గేర్‌బాక్సు వైపు తిరిగే స్టీల్ ప్లేట్లు ఒకదాని తరువాత ఒకటిగా పేర్చి ఉంటాయి. ప్రెషర్ ప్లేట్ మీద స్ప్రింగులు వేసే ఒత్తిడి వల్ల అవన్నీ కలిసి ఒకటిగా తిరుగుతాయి. లివర్ లాగితే ఆ ఒత్తిడి తొలగి, ప్లేట్లు దేనికవి విడిపోతాయి. ప్లే లేకపోతే, మీరు లివర్‌ను వదిలేసినా కేబుల్ ప్రెషర్ ప్లేట్‌ను ఎంతో కొంత లాగి పట్టుకునే ఉంటుంది. స్ప్రింగుల బలమంతా ప్లేట్ల మీద పడదు. బరువు పెరిగినప్పుడు ప్లేట్లు జారతాయి, జారితే వేడెక్కుతాయి, వేడికి ఫ్రిక్షన్ ప్లేట్ల ముఖం గాజులా నున్నబడి పట్టు ఇంకా తగ్గుతుంది.

ఇక్కడ పాఠకులందరూ గమనించవలసిన సంగతి ఒకటుంది. కేబుల్ సాగితే ప్లే పెరుగుతుంది. ప్లేట్లు అరిగితే ప్లే తగ్గుతుంది. ప్లేట్లు పల్చబడిన కొద్దీ ప్రెషర్ ప్లేట్ మరింత దగ్గరికి జరుగుతుంది. ఆ జరగడం క్లచ్‌ను విడదీసే కదలికకు ఎప్పుడూ ఎదురు దిశలోనే ఉంటుంది కాబట్టి, అది కేబుల్‌లోని వదులును తినేస్తుంది. అందువల్ల మీరు ముట్టుకోకుండానే లివర్ బిగువవుతూ వస్తుంటే సంతోషించకండి, ప్లేట్లు అరుగుతున్నాయని అర్థం చేసుకోండి. ప్రతిసారీ ప్లే కొలిచి ఒక కాగితం మీద రాసి ఉంచుకుంటే, కవరు విప్పకుండానే లోపలి సంగతి చాలావరకు తెలుస్తుంది. ఈ ఒక్క అలవాటును నేను మిగతా చిట్కాలన్నిటికంటే విలువైనదిగా భావిస్తాను.

ఇప్పుడు పరీక్షల సంగతి. వాహనాలు లేని తిన్నని రోడ్డు మీద, టాప్ గేర్‌లో ఓ మోస్తరు వేగంతో వెళుతూ యాక్సిలరేటర్‌ను గబుక్కున తిప్పండి. ఇంజన్ వేగమూ బండి వేగమూ కలిసి పెరిగితే క్లచ్ బాగున్నట్టు. ఇంజన్ శబ్దం ఒక్కసారిగా లేచి, బండి ఆలస్యంగా అందుకుంటే క్లచ్ స్లిప్ అవుతున్నట్టు. చిన్న గేర్లలో ప్లేట్ల మీద భారం తక్కువ కనుక మొదట్లో లోపం బయటపడకపోవచ్చు. స్లిప్ ఖాయమని తేలితే, ఇంజన్ ఆపి, లివర్ వదిలినప్పుడు ఇంజన్ దగ్గర కేబుల్ రెండో చివర తగిలించి ఉన్న క్లచ్ ఆర్మ్ పూర్తిగా వెనక్కి వస్తోందో లేదో చూడండి. తుప్పు పట్టిన కేబుల్ దాన్ని సగంలోనే ఆపేయవచ్చు. ఆ తరువాత ఇంజన్‌లో ఏ ఆయిల్ పోశారో గుర్తు చేసుకోండి. కేబుల్ స్వేచ్ఛగా కదులుతూ, ప్లే సరిగ్గా ఉండి, ఆయిల్ కూడా సరైనదే అయితే మిగిలేవి ప్లేట్లు, స్ప్రింగులు మాత్రమే. అవి అడ్జస్టర్‌తో బాగయ్యేవి కావు. ఆ స్థితిలో బండిని నడుపుతూ పోతే స్టీల్ ప్లేట్లు కూడా వేడికి నీలం తేలి వంకర్లు పోతాయి. అరిగిన ఫ్రిక్షన్ ప్లేట్ల పొడి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది.

ప్రశ్న: మా బండికి కేబుల్ అడ్జస్టర్లు కాక, ఇంజన్ కవరు మీద చిన్న మూత కింద ఒక స్క్రూ, దాని చుట్టూ నట్టు ఉన్నాయి. అవి ఎందుకు?

జవాబు: అది లోపలి అడ్జస్టర్. క్లచ్‌ను విడదీసే రాడ్డుకు ఉండవలసిన సందును అది నిర్ణయిస్తుంది. ఇది ఉన్న బండ్లలో ముందు దీన్ని సరిచేసి, ఆ తరువాతే కేబుల్ జోలికి వెళ్లాలి. కేబుల్‌ను బాగా వదులు చేసి, నట్టు సడలించి, స్క్రూను మెల్లగా లోపలికి తిప్పితే ఒకచోట అది దేనికో తాకినట్టు తెలుస్తుంది. అక్కడి నుంచి పుస్తకం చెప్పినంత వెనక్కి తిప్పాలి. సాధారణంగా అది పావు నుంచి అర చుట్టు వరకు ఉంటుంది. స్క్రూ కదలకుండా పట్టుకుని నట్టు బిగించండి. అన్ని బండ్లలోనూ తిప్పే దిశ ఒకటే కాదు కనుక ఊహతో చేయకండి.

ప్రశ్న: బండి ఆగి ఉన్నప్పుడు న్యూట్రల్ పడదు. మెల్లగా కదులుతున్నప్పుడు మాత్రం పడుతుంది. మొదటి గేర్ వేసి లివర్ పూర్తిగా లాగి ఉంచినా బండి ముందుకు పాకుతోంది. ఉదయం మొదటిసారి గేర్ వేస్తే గట్టిగా చప్పుడు కూడా వస్తోంది. ఇవన్నీ ఒకే లోపమా?

జవాబు: మొదటి రెండూ ఒకే లోపానికి గుర్తులు: క్లచ్ పూర్తిగా విడవడం లేదు. ఇది స్లిప్‌కు సరిగ్గా వ్యతిరేకమైన ఇబ్బంది. ఉదయపు చప్పుడును మాత్రం వేరుగా చూడాలి. రాత్రంతా కదలకుండా ఉన్న ప్లేట్లు, వాటి మధ్య నిలిచిన చల్లని ఆయిల్ వల్ల ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఇంజన్ స్టార్ట్ చేయకముందే గేర్ వేసి, లివర్ లాగి పట్టుకుని బండిని రెండుమూడు సార్లు ముందుకూ వెనక్కూ తోస్తే అవి విడివడతాయి. ఆ తరువాత న్యూట్రల్‌కు తెచ్చి స్టార్ట్ చేసుకోవచ్చు. కొద్దిపాటి చప్పుడు ఉదయం మొదటిసారి మాత్రమే వస్తే దాన్ని లోపంగా లెక్కించనక్కర్లేదు.

వేడెక్కిన తరువాత కూడా బండి పాకుతుంటే మొదట ప్లే కొలవండి. ప్లే ఎక్కువైతే లివర్ ప్రయాణంలో చాలా భాగం వృథాగా పోయి, ప్రెషర్ ప్లేట్ కదలవలసినంత కదలదు. కొత్త కేబుల్ వేసిన కొద్ది రోజులకే ఇలా అయితే ఆశ్చర్యం లేదు, కొత్త కేబుల్ మొదట్లో కాస్త సర్దుకుంటుంది, మరోసారి అడ్జస్ట్ చేస్తే సరిపోతుంది. లివర్ బోల్టు, అది కూర్చునే రంధ్రం అరిగి ఉన్నా ప్రయాణం కొంత వృథా అవుతుంది. లివర్‌ను పైకీ కిందికీ ఊపితే ఆ అరుగుదల తెలిసిపోతుంది. ఐడిల్ వేగం, అంటే యాక్సిలరేటర్ తిప్పకుండా ఇంజన్ తిరిగే వేగం, అవసరానికి మించి ఉంటే బాగున్న క్లచ్ కూడా గేర్ చప్పుడు చేయిస్తుంది కాబట్టి దాన్నీ పుస్తకంలో చెప్పిన అంకెకు తెచ్చుకోండి.

సెంటర్ స్టాండ్ మీద మొదటి గేర్ వేసి లివర్ లాగినప్పుడు వెనుక చక్రం నెమ్మదిగా తిరుగుతోందని కొందరు భయపడతారు. ఆయిల్‌లో తడిసే క్లచ్‌లో ఆ మాత్రం ఈడ్పు సహజం. వెనుక బ్రేకును తేలిగ్గా తాకితే చక్రం ఆగిపోయి, ఇంజన్ వేగం పడిపోకుండా ఉంటే క్లచ్ విడుస్తున్నట్టే. ఈ పరీక్ష చేసేటప్పుడు చేతులు చైను దరిదాపుల్లో ఉండకూడదు. తిరుగుతున్న చైనుకూ స్ప్రాకెట్‌కూ మధ్య వేలు పడితే తెగిపోతుంది. చైను తుడవడం, నూనె వేయడం వంటి పనులు ఇంజన్ ఆపాకే చేయాలి.

ఇవన్నీ బాగుండీ లోపం పోకపోతే కారణం కవరు లోపల ఉంటుంది. స్టీల్ ప్లేట్లు వంకర తిరిగి ఉండవచ్చు. లేదా ఫ్రిక్షన్ ప్లేట్ల అంచులు తగిలి తగిలి, వాటిని మోసే క్లచ్ బాస్కెట్ పళ్ల మీద గాట్లు పడి ఉండవచ్చు. ఆ గాట్లలో ఇరుక్కున్న ప్లేట్లు జారి విడిపోలేవు. బండి కదిలేటప్పుడు అదురుతూ, కుదుపుతూ కదలడం కూడా ఈ గాట్ల వల్ల జరగవచ్చు.

ప్రశ్న: ఖరీదైన కారు ఆయిల్ మిగిలి ఉంటే మోటార్‌సైకిల్‌లో పోశాను. గ్రేడు అంకెలు రెండింటికీ ఒకటే. వారం తిరగకుండా క్లచ్ జారడం మొదలైంది. ఆయిలే కారణమా?

జవాబు: కారణం అదే కావచ్చు. గ్రేడు అంకెలు ఆయిల్ చిక్కదనాన్ని మాత్రమే చెబుతాయి, క్లచ్ ప్లేట్ల మధ్య పట్టు గురించి ఏమీ చెప్పవు. కారులో క్లచ్ ఇంజన్ ఆయిల్‌లో ఉండదు కనుక, ఇంధనం ఆదా కోసం కొన్ని కారు ఆయిళ్లలో రాపిడిని తగ్గించే రసాయనాలు కలుపుతారు. ఇంజన్‌కు మేలు చేసే ఆ రసాయనాలే మోటార్‌సైకిల్ ప్లేట్ల మధ్య చేరి పట్టు సడలిస్తాయి. ఈ తేడాను గుర్తించడానికే జపాన్‌లో వాహన ప్రమాణాల సంస్థ జాసో నుంచి టి 903 అనే ప్రమాణం 1998లో వచ్చింది. డబ్బా మీద జాసో ఎంఏ గాని, ఎంఏ1, ఎంఏ2 గాని ఉంటే అది ఆయిల్‌లో తడిసే క్లచ్‌కు తగినది. ఎంబీ అని ఉంటే రాపిడి తక్కువని అర్థం. ఇంజన్ ఆయిల్ తగలని క్లచ్ ఉన్న ఆటోమేటిక్ స్కూటర్లకు అది సరిపోతుంది గాని గేర్ల బండికి పనికిరాదు. ఆయిల్‌నూ ఫిల్టర్‌నూ మార్చి, సరైన ఆయిల్‌తో కొంతదూరం నడిపి చూడండి. ప్లేట్లు ఇంకా కాలకపోయి ఉంటే పట్టు తిరిగి రావచ్చు. విడిగా అమ్మే రాపిడి తగ్గించే మందులను కూడా ఇదే కారణంతో ఇంజన్‌లో కలపవద్దు.

ప్రశ్న: లివర్ లాగడం చాలా బరువుగా ఉంది. దీనికి తోడు కేబుల్ ఎప్పుడూ లివర్ దగ్గరే తెగుతోంది. కొత్తది వేసినా మళ్లీ అదే.

జవాబు: కేబుల్ చివర ఉండే గుండు లివర్ రంధ్రంలో స్వేచ్ఛగా తిరగాలి. అక్కడ తుప్పో మట్టో చేరి గుండు తిరగకపోతే, లివర్ లాగిన ప్రతిసారీ తీగలు గుండు మొదట్లో వంగి, ఒక్కొక్కటిగా తెగుతాయి. కాబట్టి ఆ రంధ్రాన్ని, లివర్ బోల్టును శుభ్రం చేసి పల్చగా గ్రీజు రాయకుండా కొత్త కేబుల్ వేయడం దండగ. ఒక్క తీగ తెగి బయటికి పొడుచుకు వచ్చినా ఆ కేబుల్‌ను మార్చేయండి. మిగతావి తెగడానికి ఎక్కువ కాలం పట్టదు.

బరువు ఎక్కడిదో తెలుసుకోవడానికి కేబుల్‌ను ఇంజన్ వైపు విడదీసి, లోపలి తీగను చేతితో అటూఇటూ లాగి చూడండి. అది గరగరలాడుతూ కదిలితే లోపం కేబుల్‌దే. నున్నగా జారుతుంటే క్లచ్ ఆర్మ్‌ను, దాని షాఫ్టును పరీక్షించాలి. లోపల నైలాన్ లేదా టెఫ్లాన్ పూత ఉన్న కేబుళ్లకు గట్టి గ్రీజు పెట్టకూడదు, అది మట్టిని పట్టి ఉంచి ఇంకా బిగుసుకునేలా చేస్తుంది. కొత్త కేబుల్ వేసేటప్పుడు పాతది ఏ దారిలో వెళ్లిందో అదే దారిలో, ఎక్కడా పదునైన మలుపు లేకుండా, వేడి సైలెన్సర్‌కు తగలకుండా తీసుకెళ్లండి. పాత కేబుల్ తీయకముందే ఆ దారిని ఫోటో తీసి ఉంచుకోవడం మంచిది.

ప్రశ్న: ప్లేట్లు ఇంట్లోనే మార్చుకోవచ్చా?

జవాబు: ప్లే సర్దుబాటు, కేబుల్ మార్పిడి బండి నడిపే ప్రతివారూ నేర్చుకోదగినవి. కవరు విప్పే పని మాత్రం, మీ బండి సర్వీస్ మాన్యువల్, ఎంత బలంతో బిగిస్తున్నారో చూపే టార్క్ రెంచ్, మందం కొలిచే వెర్నియర్, కవరు అతుకులో వేసే కొత్త గ్యాస్కెట్ చేతిలో ఉంటేనే పెట్టుకోండి. కొన్ని బండ్లలో ప్రెషర్ ప్లేట్ బోల్టులు విప్పగానే ప్లేట్లు బయటికి వస్తాయి. కొన్ని చిన్న బండ్లలో మధ్యనున్న పెద్ద నట్టు విప్పితే గాని రావు. ఆ నట్టుకు ప్రత్యేకమైన సాకెట్ కావాలి. ఉలి పెట్టి సుత్తితో కొట్టి విప్పే అలవాటు చాలాచోట్ల ఉంది గాని, ఆ దెబ్బలకు నట్టుతో పాటు లోపలి బేరింగులు కూడా దెబ్బతినవచ్చు.

ఆయిల్ తీసేసి, కవరు బోల్టులను పొడవు తేడాలు తెలిసేలా అమర్చి ఉంచుకోండి. స్ప్రింగు బోల్టులను ఒకదాన్ని పూర్తిగా విప్పి మరోదాని దగ్గరికి పోకుండా, ఎదురెదురుగా ఉన్నవాటిని కొంచెం కొంచెంగా వదులు చేయాలి. బిగించేటప్పుడూ అంతే. ఇవి సన్నని బోల్టులు; చాలా బండ్లకు 10 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లోనే బిగింపు చాలు, అంతకు మించితే అల్యూమినియం మరలు ఊడిపోతాయి. ప్లేట్లను బయటికి వచ్చిన వరుసలోనే, అదే ముఖం పైకి ఉండేలా పేర్చండి. కొన్ని క్లచ్‌లలో ఒక ఫ్రిక్షన్ ప్లేట్ మిగతావాటికంటే వెడల్పు తక్కువగా ఉండి, దాని లోపల కుదుపు తగ్గించే పల్చని స్ప్రింగు రింగు ఉంటుంది. దాన్ని తిరగేసి పెడితే పనిచేయదు.

ఫ్రిక్షన్ ప్లేట్ల మందాన్ని నాలుగైదు చోట్ల కొలవండి. కొత్తవి చాలా బండ్లలో 3 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటాయి, అందులో కొన్ని పదో వంతుల మిల్లీమీటరు అరిగితే చాలు, మార్చవలసిందే. స్టీల్ ప్లేట్లను మందమైన గాజు పలక మీద పరిచి, అంచు కింద సందులు కొలిచే పల్చని రేకు, ఫీలర్ గేజ్, దూర్చి చూస్తే వంకర తెలుస్తుంది. స్ప్రింగుల పొడవు కూడా కొలిచి, ఒక్కటి పొట్టిగా ఉన్నా అన్నిటినీ కలిపి మార్చండి. కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లను అమర్చే ముందు కొన్ని గంటలు ఇంజన్ ఆయిల్‌లో నానబెట్టాలి; పొడిగా బిగిస్తే మొదటి క్షణాల్లోనే కాలిపోవచ్చు. కొత్త ప్లేట్లు మందంగా ఉంటాయి కనుక పాత ప్లే ఇక సరిపోదు, మొదటి ప్రశ్నకు చెప్పిన సర్దుబాటును మళ్లీ మొదటి నుంచి చేయాలి.

ప్రశ్న: మా బండి క్లచ్‌కు కేబుల్ లేదు, హైడ్రాలిక్, అంటే ఫ్లూయిడ్ ఒత్తిడితో పనిచేసేది. లివర్ మీద అంకెలున్న చక్రం తిప్పితే ప్లే మారుతుందా?

జవాబు: మారదు. అది హ్యాండిల్ నుంచి లివర్ దూరాన్ని మీ చేతికి తగినట్టు మార్చడానికి మాత్రమే. హైడ్రాలిక్ క్లచ్ ప్లేట్ల అరుగుదలకు తనంతట తానే సర్దుకుంటుంది, అందుచేత ఆ అరుగుదల లివర్ దగ్గర తెలియదు. కానీ పైనున్న ఫ్లూయిడ్ డబ్బాలో తెలుస్తుంది. బ్రేకు ప్యాడ్లు అరిగితే ఫ్లూయిడ్ మట్టం తగ్గుతుంది గదా, క్లచ్ ప్లేట్లు అరిగితే పిస్టన్ వెనక్కి నెట్టబడి మట్టం పెరుగుతుంది. అందువల్ల ఈ డబ్బాను అంచు దాకా నింపకూడదు. వెనక్కి రావలసిన ఫ్లూయిడ్‌కు చోటు లేకపోతే క్లచ్, ప్లే లేని కేబుల్ క్లచ్ లాగే జారడం మొదలుపెడుతుంది. లివర్ మెత్తగా, స్పాంజిలా ఉంటే లోపల గాలి చేరినట్టు. దాన్ని బ్లీడ్ చేసి, అంటే కొంత ఫ్లూయిడ్‌తో పాటు బయటికి వదిలి, తీయాలి. మట్టం తగ్గుతుంటే ఎక్కడో కారుతున్నట్టు. మూత మీద ఏ ఫ్లూయిడ్ రాసి ఉందో అదే వాడండి. చాలావాటికి డాట్ 4 అనే బ్రేకు ఫ్లూయిడ్ ఉంటుంది, కొన్నింటికి మినరల్ ఆయిల్ ఉంటుంది. ఒకదాని బదులు మరొకటి పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. డాట్ 4 పెయింటును తినేస్తుంది కాబట్టి, మూత తీసే ముందు ట్యాంకు మీద మందపాటి గుడ్డ కప్పండి. ఒలికిన చోట వెంటనే నీళ్లతో కడగండి.